పక్షుల్ని చూడటం మొదలుపెట్టాలనుంది, దేనితో మొదలుపెట్టాలి?

తొలివెలుగు

అందరికీ నమస్కారం. నాది రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని. కళ్ళు మండుతున్నాయంటే మధ్యమధ్యలో కాసేపు దూరంగా చూడమని డాక్టరు చెప్పారు. అలా కిటికీలోంచి బయటికి చూడటం అలవాటైంది.

ఎదురుగా కరెంటు తీగ మీద రోజూ ఒక నల్ల పిట్ట కూర్చుంటోంది. తోక పొడవుగా ఉండి చివర రెండుగా చీలి ఉంటుంది. ఉన్నట్టుండి గాల్లోకి దూకి, ఏదో పురుగును పట్టుకుని, మళ్ళీ సరిగ్గా అదే చోటికి వచ్చి కూర్చుంటుంది. నిన్న ఒక కాకి అటుగా వస్తే వెంటపడి చాలా దూరం తరిమింది. తనకంటే అంత పెద్ద పక్షిని! అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది.

నలభై ఏళ్ళుగా ఇవన్నీ నా చుట్టూనే తిరుగుతున్నాయి. కాకి, పిచ్చుక, పావురం, చిలుక తప్ప నాకు పేర్లే తెలియవు. ఇప్పుడు నేర్చుకోవాలనుంది. ముందు కెమెరా కొనాలా, బైనాక్యులర్స్ కొనాలా? నేను కళ్ళజోడు పెట్టుకుంటాను. అడవికో, పెద్ద సరస్సుకో వెళ్తేనే కుదురుతుందా? నాకు వారంలో ఒక్క ఆదివారమే ఖాళీ. ఇన్ని పేర్లు ఈ వయసులో గుర్తుంటాయా? పెద్దలు కాస్త దారి చూపించండి.

గట్టుమీద

తొలివెలుగు గారూ, మీరు చెప్పింది ఏట్రింత. పసుల పోలిగాడు అని కూడా అంటారు. మేసే పశువుల వీపు మీద కూర్చుని, వాటి కాళ్ళ కింద గడ్డిలోంచి లేచే పురుగుల్ని పడుతుంది కాబట్టి ఆ పేరు. ఇంగ్లీషులో బ్లాక్ డ్రాంగో. గూడు దగ్గరికి వస్తే కాకినే కాదు, గద్దను కూడా వదలదు.

ఫొటో లేకుండానే నేను పేరు ఎలా చెప్పగలిగానో గమనించారా? చీలిన తోక, ఎగిరి మళ్ళీ అదే చోట వాలడం, కాకిని తరమడం. ఈ మూడూ మీరే రాశారు. రంగు ఒక్కటే రాసి ఉంటే నేను చెప్పగలిగేవాణ్ణి కాదు, ఎందుకంటే నల్ల పిట్టలు చాలా ఉన్నాయి. పక్షి ఏం చేస్తోందో చూడటం మీకు అప్పుడే వచ్చేసింది. చాలామందికి ఇది రెండో ఏడాదికి గానీ రాదు.

నా సలహా ఒక్కటే. మొదటి నెల ఏమీ కొనకండి. ఒక చోటు ఎంచుకోండి. ఆ కిటికీ అయినా సరే, ఇంటి దగ్గర నాలుగు చెట్లున్న చోటైనా సరే. రోజూ ఒకే వేళకు 15 నిమిషాలు అక్కడ కూర్చోండి. పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలు అన్నిటికంటే మంచివి. రాత్రంతా తిండి లేక ఉంటాయి కాబట్టి మేత కోసం బాగా తిరుగుతాయి, బాగా కూస్తాయి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా కూర్చుంటే రంగులు తెలుస్తాయి. ఎదురుగా ఉంటే అన్నీ నల్లగానే కనిపిస్తాయి.

కదలకుండా కూర్చోవడం ముఖ్యం. మీరు రాగానే అన్నీ సర్దుకుని దూరంగా పోతాయి. అయిదారు నిమిషాలు పోయాక ఒక్కొక్కటీ తిరిగి వస్తాయి. ఆ అయిదు నిమిషాలు ఓపిక పట్టలేకే చాలామంది "ఇక్కడ పక్షులేం లేవు" అనుకుని లేచిపోతారు.

నీలిరెక్క

స్వాగతం అండి. గట్టుమీద గారితో కొంచెం విభేదిస్తాను. నేను కెమెరాతోనే మొదలుపెట్టాను, దానివల్ల మేలే జరిగింది. పిట్ట రెండు సెకన్లు కనిపించి పోతుంది. ఫొటో ఉంటే ఇంటికి వచ్చి తీరిగ్గా పుస్తకంతో పోల్చుకోవచ్చు, తెలిసిన వాళ్ళను అడగొచ్చు. ఫొటో మసకగా ఉన్నా ముక్కు ఆకారం, రెక్క మీద చార తెలిస్తే చాలు. మీ దగ్గర ఏదైనా జూమ్ కెమెరా పాతది పడి ఉంటే దాన్ని బయటికి తీయండి.

పాత అద్దాలు

నీలిరెక్క గారు చెప్పింది నిజమే. కానీ కెమెరా పట్టుకున్న చేతికి ఫొటో వచ్చిందా లేదా అన్న టెన్షన్ ఉంటుంది. పక్షి ఏం తింటోంది, ఎలా నడుస్తోంది అన్నది అప్పుడు కనపడదు. రెండూ కొనే వీలు లేనప్పుడు నేనైతే ముందు బైనాక్యులర్స్ అంటాను.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేసి అభిరుచి మొత్తాన్నే వదిలేసిన వాళ్ళను చూశాను.

దాని మీద 8×42 అని రాసి ఉంటుంది. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని. 42 అంటే ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. ఎక్కువ రెట్లుంటే ఎక్కువ మంచిదని అందరూ అనుకుంటారు. కాదు. రెట్లు పెరిగేకొద్దీ మన చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, కొమ్మల్లో పిట్టను వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది. కొత్తవాళ్ళకు 8 చాలు. నీటి పక్షుల్ని దూరం నుంచి చూసేవాళ్ళు 10 తీసుకుంటారు. తిప్పితే రెట్లు మారే జూమ్ రకాల జోలికి వెళ్ళకండి. వాటిలో బొమ్మ మసకగా, ఇరుకుగా ఉంటుంది.

42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. మీ కంటికి చేరే కాంతి వలయం అన్ని మిల్లీమీటర్లన్న మాట. చేయి చాచి పట్టుకుని చూస్తే కంటి వైపు అద్దంలో ఆ వెలుగు చుక్క కనిపిస్తుంది. మిట్ట మధ్యాహ్నం మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కాబట్టి ఏదైనా ఒకటే. తెల్లవారుజామున మాత్రం కంటిపాప పెద్దదవుతుంది, అప్పుడే ఈ 5.25 విలువ తెలుస్తుంది. 10×25 లాంటి బుల్లి రకాల్లో అది రెండున్నరే. పొద్దున్నే చీకటిగా ఉంటాయి.

మీరు కళ్ళజోడు పెట్టుకుంటారు కాబట్టి 'ఐ రిలీఫ్' అన్న అంకె చూడండి. కంటి వైపు అద్దానికి కన్ను ఎంత దూరంలో ఉన్నా బొమ్మ పూర్తిగా కనిపిస్తుందో అది చెప్తుంది. 15 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే కళ్ళజోడుతో చూసినప్పుడు అంచులు కత్తిరించినట్టు మధ్యలో చిన్న గుండ్రమే కనిపిస్తుంది. కంటి దగ్గరున్న రబ్బరు కప్పులను లోపలికి తిప్పేసి చూడాలి. కళ్ళజోడు లేనివాళ్ళు బయటికి లాగి చూడాలి.

కొనే ముందు చేత్తో పట్టుకుని, మెడలో పది నిమిషాలు వేలాడేసుకుని చూడండి. బరువైతే ఇంట్లో ఉండిపోతుంది. ఇంకొకటి, దాంతో పొరపాటున కూడా సూర్యుడి వైపు చూడకండి. పిల్లల చేతికిచ్చినప్పుడు పక్కనే ఉండండి.

కిటికీపక్క

మీరు అడవి గురించి అడిగారు కదా తొలివెలుగు గారూ. నాకు 68 ఏళ్ళు. మోకాళ్ళు నొప్పి వల్ల నాలుగేళ్ళుగా ఎక్కడికీ వెళ్ళలేకపోతున్నాను. ఈ కిటికీ పక్కన కుర్చీలోంచే ఇప్పటికి 37 రకాల పక్షుల్ని చూశాను. అందులో 11 రకాలు పైన ఆకాశంలో ఎగురుతూ పోయినవే.

బయట లోతు లేని ఒక వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పెట్టాను. లోతు రెండంగుళాలు దాటకూడదు, మధ్యలో ఒక గరుకు రాయి ఉంటే చిన్న పిట్టలు దాని మీద వాలి తాగుతాయి. రోజూ నీళ్ళు మార్చాలి, మూకుడు రుద్ది కడగాలి. మురికి నీళ్ళ వల్ల ఒకదాని జబ్బు ఇంకొకదానికి అంటుకుంటుంది. పెట్టి వదిలేసేటట్టయితే అసలు పెట్టకపోవడమే మంచిది.

రెక్కలచప్పుడు

37ఆ! అమ్మా, మీ జాబితా ఇక్కడ పెట్టగలరా?

కిటికీపక్క

పెడతాను బాబూ, నోట్‌బుక్‌లో ఉంది. ఎక్కించడానికి మనవరాలు రావాలి.

తొలివెలుగు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. ఏట్రింత! పేరు తెలిసిన రోజు నుంచి అది మా ఇంటి మనిషిలా అనిపిస్తోంది.

ఒక నెల ఏమీ కొనకుండా 15 నిమిషాల పద్ధతి పాటించాను. 9 రకాలు లెక్క తేలాయి. తర్వాత ఆఫీసులో ఒకాయన దగ్గర 8×42 అడిగి తెచ్చుకున్నాను. కానీ సమస్య ఏమిటంటే, మామూలు కంటికి కనిపించే పిట్ట అద్దాల్లోంచి చూస్తే దొరకదు. ఆకులే ఆకులు. దొరికేలోపు అది ఎగిరిపోతుంది. పైగా పది నిమిషాలకే తలనొప్పి వస్తోంది. రెండు గుండ్రాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కళ్ళలో లోపమా, అద్దాల్లో లోపమా?

పాత అద్దాలు

రెండూ కాదు. అమరిక చేసుకోలేదు, అంతే. వరుసగా చెప్తాను.

ముందు రెండు గొట్టాలను మధ్యలో మడత దగ్గర దగ్గరికి, దూరానికి వంచండి. రెండు గుండ్రాలూ కలిసి ఒకే గుండ్రం అయ్యేదాకా వంచాలి. మీ కళ్ళ మధ్య దూరానికి అది సరిపోవాలి. పక్కవాళ్ళకిచ్చి తీసుకున్న ప్రతిసారీ చూసుకోవాలి.

తర్వాత తలనొప్పి సంగతి. మనకు రెండు కళ్ళ చూపూ సాధారణంగా ఒకేలా ఉండదు. అందుకే ఎక్కువ రకాల్లో కుడి కంటి గొట్టం దగ్గర ఒక చిన్న రింగు ఉంటుంది. కొంచెం దూరంలో అక్షరాలున్న బోర్డునో, సన్నటి కొమ్మనో ఎంచుకోండి. కుడి వైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టంగా తెచ్చుకోండి. ఇప్పుడు ఎడమ వైపు మూయండి. మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి వైపు రింగును మాత్రమే తిప్పి అదే కొమ్మను స్పష్టంగా తెచ్చుకోండి. ఇక ఆ రింగు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని వదిలేయండి. ఆ తర్వాత అన్నిటికీ మధ్య చక్రం ఒక్కటే చాలు.

గట్టుమీద

ఇక పిట్ట దొరక్కపోవడం. అందరూ చేసే పని ఏమిటంటే, పిట్టను చూసి, తల దించి బైనాక్యులర్స్ వైపు చూసి, కళ్ళకు పెట్టుకుని మళ్ళీ వెతుకుతారు. అలా కాదు. పిట్ట మీద నుంచి చూపు తిప్పకండి. తల కదపకండి. చేతులతో అద్దాలను పైకెత్తి చూపుకు అడ్డంగా పెట్టండి. చూపు ఎక్కడుందో అద్దాలు అక్కడికే వస్తాయి.

ఇది చేతికి రావాలంటే కదలని వాటి మీద సాధన చేయాలి. ఎండుకొమ్మ, కిటికీ మూల, చెట్టు మీద ఒక పండు. రోజుకు ఇరవైసార్లు ఎత్తి దించండి. వారం తిరిగేసరికి పిట్ట దొరుకుతుంది. గుబురు చెట్టులో అయితే ముందు మామూలు కంటితో ఒక గుర్తు పెట్టుకోండి. "ఆ వంకర కొమ్మ, దానికి ఎడమ పక్క పసుపు ఆకు" అని. అద్దాల్లో ముందు ఆ పసుపు ఆకును పట్టుకుని కుడికి జరగండి.

రెక్కలచప్పుడు

నేను మొదట్లో చేసిన తప్పు ఒకటి చెప్తాను, మీరు చేయకుండా ఉంటారని. రెండేళ్ళ పాటు తెల్లగా ఉన్న ప్రతిదాన్నీ 'తెల్ల కొంగ' అని ఒకే పేరుతో రాసుకున్నాను. మా గురువు గారు ఒకరోజు "కాళ్ళ వేళ్ళు చూశావా?" అని అడిగారు. చూడలేదు. చిన్న తెల్ల కొంగకు ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు. నీళ్ళలోంచి కాలు పైకి తీసినప్పుడు పసుపు చెప్పులు వేసుకున్నట్టు కనిపిస్తాయి. పెద్ద తెల్ల కొంగకు పాదాలు కూడా నలుపే, నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. పశువుల వెంట తిరిగే కొంగ ముక్కు పొట్టిగా, పసుపు రంగులో ఉంటుంది, గుడ్లు పెట్టే కాలంలో తల, మెడ నారింజ రంగుకు మారతాయి. రెండేళ్ళ నా నోట్‌బుక్‌లో కొంగల లెక్క అంతా పనికిరాకుండా పోయింది. ఇప్పటికీ దానికి బాధపడతాను.

గుడ్డి కొంగ ఇంకో ఆశ్చర్యం. గట్టు మీద కూర్చుంటే మట్టి రంగు, పక్కనే ఉన్నా కనపడదు. లేచిందా, ఒక్కసారిగా తెల్లటి రెక్కలు విచ్చుకుంటాయి.

గట్టుమీద

బాగా చెప్పారు. దీన్నిబట్టే పక్షిని ఏ వరుసలో చూడాలో కూడా చెప్తాను. రంగు అన్నిటికంటే చివర. ముందు పరిమాణం, ఆ తర్వాత ఆకారం, ముక్కు, అది చేసే పని, ఉన్న చోటు.

పరిమాణానికి నాలుగు కొలతలు మనసులో పెట్టుకోండి. పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు, గోరింక 23, పావురం 33, కాకి 40. కొత్త పక్షి కనిపించగానే "పిచ్చుక కంటే పెద్దది, గోరింక కంటే చిన్నది" అని అనుకోవాలి. అక్కడితోనే సగానికి పైగా పేర్లు పక్కకు పోతాయి. ముక్కు చూస్తే తిండి తెలుస్తుంది. పొట్టిగా మొద్దుగా ఉంటే గింజలు, సన్నగా వంపు తిరిగి ఉంటే తేనె, కొక్కెంలా ఉంటే మాంసం.

రంగు ఎందుకు చివరంటే, అది వెలుగును బట్టి మోసం చేస్తుంది. తేనెపిట్టల్లో ఊదా రంగుది ఉంది. మగది నీడలో ఉంటే పూర్తిగా నలుపు, ఎండలోకి రాగానే ఊదా, నీలం మెరుపులు. లకుముకి పిట్ట నీలం చూసి మురిసిపోతాం కదా, దాని ఈకల్లో నీలం వర్ణకమే లేదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం మీద వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది. పైగా ఆడ, మగ, పిల్లలు వేరు వేరు రంగుల్లో ఉండొచ్చు. కోయిలనే చూడండి. మగది నలుపు, ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు. తెలియనివాళ్ళు రెండు వేరే పక్షులనుకుంటారు.

మౌనశ్రోత

కోయిల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. 'కుహూ' అని కూసేది మగ కోయిల. ఆడది 'కిక్ కిక్ కిక్' అని గబగబా అరుస్తుంది.

నాకు చిన్నప్పటి నుంచి చూపు చాలా తక్కువ. నేను పక్షుల్ని చెవితోనే తెలుసుకుంటాను. చూపున్న స్నేహితులతో కలిసి వెళ్ళినప్పుడు సగం పక్షుల్ని ముందు పట్టుకునేది నేనే. దట్టమైన ఆకుల్లో చూపుకంటే చెవే నమ్మకమైనది. ఆకులు కుట్టి గూడు కట్టుకునే దర్జీ పిట్ట బొటనవేలంత ఉంటుంది, దాని గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

కొత్తవాళ్ళు ఒక్కసారిగా యాభై కూతలు నేర్చుకోవాలని చూసి విసిగిపోతారు. వారానికి ఒకటి చాలు. ఆ కూతను మీ సొంత అక్షరాల్లో రాసుకోండి. పుస్తకంలో ఏం రాశారన్నది వద్దు. మీ చెవికి 'టువిట్ టువిట్' అనిపిస్తే అదే రాయండి. మీరు రాసుకున్నదే గుర్తుంటుంది. కూత విన్నాక ఆ పక్షి కనిపించేదాకా వెంటపడండి. గొంతును, రూపాన్ని మీరే కలుపుకున్న పక్షిని ఇక మరచిపోరు.

కొత్తరెక్క

నేను కూడా కొత్తే, ఇదంతా చదువుతున్నాను. ఒక డౌట్. మెర్లిన్ యాప్ పెట్టుకున్నాను, చుట్టూ వినిపించే కూతలు విని పేర్లు చెప్తోంది. అందులో రికార్డు చేసిన కూతలు కూడా ఉన్నాయి. వాటిని గట్టిగా వినిపిస్తే పిట్ట బయటికి వస్తుందని ఎవరో చెప్పారు. నిన్న చేస్తే నిజంగానే వచ్చింది! ఇది మంచి పద్ధతేనా?

గట్టుమీద

కొత్తరెక్క గారూ, దయచేసి చేయకండి. మీరు తెలియక చేశారు కాబట్టి తప్పు పట్టడం లేదు. ఎందుకు వద్దో చెప్తాను.

ఆ పిట్ట మీ దగ్గరికి ఇష్టపడి రాలేదు. తన చోటులోకి ఇంకో మగది చొరబడిందనుకుని, మేత మానేసి, పోట్లాటకు వచ్చింది. గూడులో గుడ్లో పిల్లలో ఉంటే ఆ సమయమంతా వాటికి కాపలా లేదు. లేని శత్రువు కోసం వెతుకుతూ ఎంతసేపు తిరుగుతుందో. కొన్నేళ్ళ క్రితం నేను వెళ్ళిన ఒక బృందంలో ఫొటోల కోసం ఒకే పిట్టకు పొద్దున్నంతా కూత వినిపించారు. నేను అక్కడే ఉండి కూడా గట్టిగా వద్దనలేకపోయాను. ఆ పిట్ట ముక్కు తెరుచుకుని రొప్పుతూ కొమ్మ కొమ్మకూ తిరగడం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. మరుసటి వారం అక్కడ అది లేదు.

గూడు విషయంలో ఇంకా జాగ్రత్త. దగ్గరికి వెళ్ళకూడదు, అడ్డొచ్చిన ఆకులు తొలగించకూడదు. మీరు నిలబడిన చోటును కాకులు, పిల్లులు గమనిస్తాయి. గూడు ఉన్న చోటు ఎక్కడా బయటపెట్టకూడదు. పక్షి మీ వైపే చూస్తూ మేత ఆపేసిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. రెండడుగులు వెనక్కి వేయండి.

యాప్ వినడానికి వాడుకోండి, అందులో తప్పు లేదు. కానీ అది చెప్పిన పేరును చూడకుండా నమ్మి రాసుకోకండి. ఒక పక్షి గొంతును ఇంకో పక్షి అనుకరిస్తుంది. ఏట్రింత జాతి పక్షులు అందులో బాగా నేర్పరులు.

కొత్తరెక్క

అర్థమైందండి. ఇంకెప్పుడూ చేయను. చెప్పినందుకు థాంక్స్.

నీలిరెక్క

మేము ఫొటోలు తీసేవాళ్ళం ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. గట్టుమీద గారు రాసింది అక్షరాలా నిజం. నేను ఇప్పుడు గూళ్ళ ఫొటోలు అసలు తీయడం లేదు.

తొలివెలుగు

తలనొప్పి పోయింది! కుడి రింగు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నిన్న లకుముకి పిట్ట కంటి చుట్టూ ఉన్న ఈకలు కూడా కనిపించాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నోట్‌బుక్‌లో ఏమేం రాయాలి? రోజూ అవే కాకి, పావురం, గోరింక. వాటిని కూడా రాయాలా?

రెక్కలచప్పుడు

తప్పకుండా రాయాలి. తేదీ, వేళ, ఎంతసేపు చూశారు, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి. కొత్త పక్షి అయితే పుస్తకం తెరవక ముందే రాయండి, గీత రాకపోయినా చిన్న బొమ్మ గీయండి. ముందు పుస్తకం చూస్తే, అందులో ఉన్నదే మనం చూశామనిపిస్తుంది. మనసు అలా మాయ చేస్తుంది.

మామూలు పక్షుల్ని ఎందుకు రాయాలంటే, ఇప్పుడు మామూలువి ఎప్పటికీ మామూలుగా ఉంటాయని లేదు. ప్రయాణికుల పావురం ఉత్తర అమెరికాలో ఒకప్పుడు వందల కోట్లలో ఉండేది. చివరిది 1914లో ఒక జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. అంత ఎక్కువగా ఉన్నదాన్ని లెక్క పెట్టాలని ఎవరికి తోస్తుంది?

కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ నడిపే ఇ-బర్డ్ అనే వేదిక 2002 నుంచి ఉంది. ప్రపంచంలో ఎక్కడి నుంచైనా మన లెక్కలు అందులో పెట్టొచ్చు. చూసి గుర్తుపట్టిన పక్షులన్నీ రాశాను అని మీరు చెప్తే, రాయనివి ఆ వేళ అక్కడ కనపడలేదని కూడా శాస్త్రవేత్తలకు తెలుస్తుంది. ఆ 'లేదు' అన్న సమాచారం చాలా విలువైనది. అరుదైనవి మాత్రమే రాస్తే అది దొరకదు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' అని జరుగుతుంది. 1998లో మొదలైంది, 2013 నుంచి ప్రపంచమంతా పాల్గొంటోంది. ఒక్కసారి 15 నిమిషాలు చూసి లెక్క పంపితే చాలు. మీరు రోజూ చేస్తున్నది అదే కదా.

ఇంకొకటి, గుర్తుపట్టడం కోసం పరిశోధకులు వేసిన రింగు పక్షి కాలికి కనిపిస్తే దాని రంగు, దాని మీది అంకెలు తప్పక రాసుకోండి. విజ్డమ్ అనే ఆల్బట్రాస్ పక్షికి 1956లో పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవిలో రింగు వేశారు. 2024లో కూడా అది అక్కడికే వచ్చి గుడ్డు పెట్టింది. కాలి రింగు చదివినవాళ్ళు ఉండబట్టే ఆ సంగతి తెలిసింది.

తొలివెలుగు

మీరు చెప్పినట్టే పుస్తకం తెరవకుండా రాసిన మొదటి కొత్త పక్షి ఇది. పేరు చెప్పండి.

ఉదయం 6:50. తడిగా ఉన్న నేల మీద. ఒంటి పరిమాణం పిచ్చుకంత, కానీ తోక పొడవు వల్ల పెద్దదిగా కనిపిస్తుంది. నలుపు, తెలుపు, బూడిద రంగు. పిచ్చుకలా గెంతదు, ఒక కాలు తర్వాత ఒక కాలు వేసి గబగబా నడుస్తుంది. ఆగిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊపుతుంది. ఎగిరినప్పుడు తిన్నగా పోదు, అల మీద పడవలా పైకి లేస్తూ కిందికి దిగుతూ పోయింది. ఎగురుతూ 'చిస్సిక్' అన్నట్టు వినిపించింది.

మౌనశ్రోత

చదువుతుంటే వినిపించింది నాకు. వాగ్‌టెయిల్.

గట్టుమీద

అవును, తోక ఊపే పిట్టే. ఎంత బాగా రాశారండీ! నడక, తోక, ఎగిరే తీరు, ఏదీ వదల్లేదు. ఇప్పుడు అది వాటిలో ఏదో తేల్చాలి. రేపు మళ్ళీ కనిపిస్తే రెండే చూడండి. ముఖం తెల్లగా ఉందా, లేక తలంతా నల్లగా ఉండి కంటి పైన ఒక తెల్ల కనుబొమ్మ మాత్రమే ఉందా? వెన్ను బూడిద రంగా, నలుపా? తెల్ల కనుబొమ్మది ఏడాది పొడుగునా ఒకే ప్రాంతంలో ఉంటుంది. తెల్ల ముఖానిదైతే ఉత్తరాన పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణానికి వచ్చే వలస పక్షి.

తొలివెలుగు

రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. ఈ పొద్దున వచ్చింది. ముఖం, నుదురు పూర్తిగా తెలుపు. వెన్ను బూడిద రంగు. గొంతు కింద నెలవంకలా ఒక నల్ల మచ్చ.

గట్టుమీద

తెల్ల వాగ్‌టెయిల్. ఆ నెలవంక చలికాలపు వేషం. పిల్లల్ని పెట్టే కాలానికి గొంతు, రొమ్ము నిండా నలుపు పరుచుకుంటుంది. ఇంకో రెండు మూడు నెలలు మీ దగ్గరే ఉంటుంది. నలుపు ఎప్పుడు పెరగడం మొదలైందో చూసి రాయండి. పెరిగిందంటే బయల్దేరే రోజు దగ్గర పడిందని.

కిటికీపక్క

మా మనవరాలు వచ్చింది. 37 పేర్లూ కింద పెట్టమంటే, ముందు తను కూడా చూడాలంటోంది. పక్కన కూర్చుంది. జాబితా రేపు పెడతాను.

తొలివెలుగు

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టే వాగ్‌టెయిల్ గొంతు నిండా నలుపు వచ్చింది. పది రోజులు అలా కనిపించింది. ఇవాల్టితో వరుసగా 5 రోజులు, రోజూ అదే వేళకు వెళ్ళాను. లేదు. తడి నేల ఖాళీగా ఉంది.

గట్టుమీద

వెళ్ళిపోయి ఉంటుంది. చివరిసారి చూసిన తేదీని ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి. ఎండలు తగ్గి, చలి మొదలయ్యే రోజుల్లో మళ్ళీ అక్కడ చూడటం మొదలుపెట్టండి. మొదట కనిపించిన రోజును దాని పక్కనే రాయండి.

తొలివెలుగు

రాశాను. పక్కన గడి ఖాళీగా ఉంచాను.

ఏట్రింత మాత్రం ఈ పొద్దున తీగ మీద ఎక్కువసేపు కూర్చోలేదు. ముక్కులో సన్నటి పుల్ల పట్టుకుని వెళ్ళింది. మళ్ళీ వచ్చి ఇంకోటి పట్టుకెళ్ళింది. ఏ చెట్టులోకి వెళ్తోందో తెలిసింది. బైనాక్యులర్స్ దించేసి, కుర్చీ కిటికీకి కొంచెం దూరంగా జరుపుకున్నాను.